ఆకలైతే కణం ఏం తింటది?

పోయినసారి అందరూ పండుగల గురించి, చెట్ల గురించి రాసినారు. నేను ఈసారి మన ఒంట్లో కంటికి కనపడకుండా జరిగే ఒక పని గురించి, ఆ పనికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వెతుకుతున్న ఒక డాక్టరు గురించి రాస్తున్నాను. కొంచెం పెద్దగుంటది. ఓపికగా చదవండి.

మన తొమ్మిదో తరగతి జీవశాస్త్రంలో కణం పాఠం ఉంది కదా. అందులో లైసోజోమ్‌లు వస్తాయి. వాటిని స్వయం విచ్ఛిత్తి సంచులు అంటారు. పరీక్ష కోసం ఆ ఒక్క మాట బట్టీ పట్టి వదిలేస్తాం. కానీ ఆ సంచుల పని చాలా పెద్దది. కణంలో పాతబడిన భాగాలు, పాడైన ప్రొటీన్లు ఉంటాయి. కణం వాటి చుట్టూ పొర అల్లి మూట కడుతుంది. ఆ మూట పోయి లైసోజోమ్‌తో కలుస్తుంది. లోపలి ఎంజైములు దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలతో కణం మళ్లీ కొత్త భాగాలు కట్టుకుంటుంది. దీనినే ఆటోఫజీ అంటారు. అనగా తనను తాను తినుట. 1963లో ఈ పేరు పెట్టినది బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్. లైసోజోమ్‌లను కనిపెట్టింది కూడా ఆయనే.

మా అమ్మమ్మకు ఈ సంగతి చెప్పేటప్పుడు కణం అనే దానికి కోయల ఏ మాట వాడాలో నాకు దొరకలేదు. అందుకని పాత గుడిసె మాట చెప్పిన. మా గూడెంల పాత గుడిసె విప్పితే ఏదీ పారేయరు. గట్టిగున్న వాసాలు కొత్త గుడిసెకు పోతయి. చెదలు పట్టినయి పొయ్యిలకు పోతయి. కణం చేసేది కూడా గదే. తిండి అందనప్పుడు ఈ పని ఇంకా ఎక్కువ చేస్తది. వానకాలంల గింజలు అయిపోయినంక అమ్మ దాచిన ఎండు ఇప్పపువ్వు బయటికి తీసినట్టు.

ఇది ఎట్లా జరుగుతుందో మొదట బాగా చూపించినది జపాన్ దేశపు యోషినోరి ఓసుమి. ఆయన సొంత ప్రయోగశాల మొదలుపెట్టింది 1988లో. అప్పటికి ఆయనకు 43 ఏండ్లు. ఆయన పట్టుకున్నది మనిషిని కాదు, ఏనుగును కాదు, ఈస్ట్‌ను! కల్లును పొంగించేది, రొట్టె పిండిని ఉబ్బించేది ఈస్టే. తిన్నదాన్ని అరిగించుకోలేని ఈస్ట్‌ను తీసుకొని దానికి తిండి బంద్ పెట్టినారు. అరగని మూటలన్నీ లోపల కుప్పపడి మైక్రోస్కోపులో కనిపించినయి. తర్వాత ఈ పనికి కావలసిన 15 జన్యువులను గుర్తించినారు. 2016లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక క్యాన్సర్ సంగతి. మా అమ్మమ్మ చిన్నప్పటి నుంచి చుట్ట తాగేది. ఆమెకు నోట్లో పుండు లేచింది. పెద్దోళ్లు రాచపుండు అన్నరు. హైదరాబాద్ దవాఖానల క్యాన్సర్ అని చెప్పిన్రు. మా ఇంట్ల మందుల చీటీ చదివేది నేనొక్కదాన్నే. అందుల మెథోట్రెక్సేట్ అని ఉంది. దాని గురించి మా సైన్సు మేడంను అడిగిన. ఆ మందు పుట్టింది భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన ప్రయోగశాలలో అని మేడం చెప్పిన్రు. కణం రెండుగా చీలడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని వాడుకోకుండా ఈ మందు అడ్డం పడుతుంది. నేను ఇంకో ప్రశ్న అడిగిన. "మేడం, ఇంత మందు పడ్డా కొన్ని క్యాన్సర్ కణాలు ఎట్ల బతుకుతున్నయి?"

దానికి జవాబుల్లో ఒకటి ఆటోఫజీ అట. ఇది వింటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆటోఫజీ మంచిదే కదా. అమెరికా శాస్త్రవేత్త బెత్ లెవిన్ 1999లో బెక్లిన్ 1 అనే జన్యువు మీద పని చేసింది. రొమ్ము క్యాన్సర్ కణాలలో ఆ జన్యువు పని పెంచితే ఆటోఫజీ పెరిగి, క్యాన్సర్ పెరుగుదల తగ్గిందని చూపించింది. (ఆమె కూడా రొమ్ము క్యాన్సర్‌తోనే 2020లో చనిపోయింది.) అంటే మొదట్లో ఆటోఫజీ చెత్త ఊడ్చి మనల్ని కాపాడుతుంది. కానీ క్యాన్సర్ గడ్డ పెరిగినాక ఆ కణాలు కూడా ఇదే తెలివి వాడుకుంటాయి. మందు దెబ్బ తగిలినప్పుడు తమ పాత సామాను తామే తిని బతుకుతాయి. మనల్ని కాపాడే పనే శత్రువుకు కూడా అన్నం పెడుతుంది.

ఈ అన్నం ఆపితే ఎట్లుంటది అని అడిగిన వాళ్లలో డాక్టర్ రవి అమరవాది ఒకరు. అమరవాది మన తెలుగు వాళ్లల్ల ఉన్న ఇంటిపేరే. ఆయన అమెరికాలో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రోగులను చూస్తారు, పరిశోధనా చేస్తారు. ఆయన చేతికి తీసుకున్న మందు ఏందో తెలుసా? క్లోరోక్విన్! మన గూడేలల్ల చలిజ్వరం వస్తే ఆశ అక్క ఇచ్చే చేదు గోలీ. లైసోజోమ్ లోపల పులుపు ఉంటేనే అరుగుదల జరుగుతుంది. ఈ మందు ఆ పులుపును తగ్గిస్తుంది. మూట వచ్చినా అరగదు. 2007లో ఆయన, తోటి శాస్త్రవేత్తలు లింఫోమా అనే క్యాన్సర్ ఉన్న ఎలుకలకు వేరే చికిత్సతో పాటు క్లోరోక్విన్ ఇచ్చి చూసినారు. క్యాన్సర్ కణాలు ఎక్కువ చనిపోయినాయి.

ఈ మాట ఫోన్‌ల చెప్పంగనే అమ్మమ్మ గొంతు మారింది. "బిడ్డా, గవి మన ఆశ పిల్ల దగ్గరనే ఉంటయి కదా. అడిగి తెచ్చుకొని మింగుతా" అన్నది. నేను "ఆగు అమ్మమ్మా, మొత్తం తెలుసుకొని చెప్త" అన్న. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు మేడం దగ్గర కూర్చొని మిగతాది తెలుసుకున్న.

మిగతాది ఇది. ఎలుకల తర్వాత మనుషుల వంతు వచ్చింది. క్లోరోక్విన్‌కు చెల్లెలి లాంటి హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను పెద్ద డాక్టర్ల కాపలాలో రోగులకు ఇచ్చినారు. ముదిరిన క్లోమ క్యాన్సర్ ఉన్న 112 మందితో చేసిన ఒక ప్రయోగం ఫలితం 2019లో వచ్చింది. అందరికీ మామూలు క్యాన్సర్ మందులు ఇచ్చి, సగం మందికి ఈ గోలీ కూడా కలిపినారు. గడ్డ బాగా తగ్గినవాళ్లు గోలీ వేసుకున్న వారిలో 38 శాతం, వేసుకోని వారిలో 21 శాతం. కానీ ఏడాది తర్వాత ఎంతమంది బతికి ఉన్నారని చూస్తే గోలీ వల్ల మేలు కనిపించలేదు. ఆయన ఈ ఫలితాన్ని దాచలేదు, పని కూడా మానలేదు. అంతకు ముందే 2012లో రసాయన శాస్త్రవేత్తలతో కలిసి రెండు క్లోరోక్విన్లను జత కట్టినట్టుండే బలమైన మందును ఎలుకల మీద చూసినారు. తర్వాత ఈ మందులు లైసోజోమ్‌లో పీపీటీ1 అనే ఎంజైమును పట్టుకుంటాయని ఆయన బృందం కనుక్కున్నది.

నేను అమ్మమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పిన. "ఎలుకలకు పని చేసింది. మనుషులల్ల ఇంకా రుజువు కాలేదు. సొంతంగా మింగితే గుండెకు ప్రమాదం. దవాఖానల ఇచ్చినయే మింగు." అమ్మమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి గా డాక్టరు ఇంకా చూస్తున్నడా?" అని అడిగింది. చూస్తున్నడని చెప్పిన. "మంచిది" అన్నది. ఇప్పుడు ఆమె చుట్ట మానేసింది, దవాఖాన గోలీలే వేసుకుంటున్నది.

ఇంకొక్క మాట. మన రఘునాథపల్లి స్టేషన్ మీద నుంచి రైలు సికింద్రాబాద్ పోతది కదా. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది ఆ సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఆయన కూడా ఎన్నో దోమలను కోసి, ఏమీ దొరకక, మళ్లీ కోసి చూసినవాడే. కాబట్టి మిత్రులారా, మీ ఇండ్లల్ల ఎవరన్నా ఫలానా ఆకు, ఫలానా గోలీ క్యాన్సర్‌కు పని చేస్తదంటే రెండు ప్రశ్నలు అడగండి. ఎవరి మీద చూసిన్రు? ఎంతమంది మీద చూసిన్రు? చదువుకున్న మనమే అడగాలి. మన అమ్మానాన్నలకు చదివి చెప్పేవాళ్లు మనమే.

వచ్చే ఆదివారం మేడం జనగామ బేకరీ నుంచి ఈస్ట్ పొడి తెస్తామన్నరు. చక్కెర నీళ్లలో కలిపి మైక్రోస్కోపు కింద చూస్తాం. చూడాలనుకున్నవాళ్లు శనివారం లోపల నాకు పేర్లు ఇవ్వండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని