డెన్వర్‌లో బంతి వంగదు

కూర్స్ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానంలో కుర్చీలన్నీ ఆకుపచ్చ. పై అంతస్తులో ఇరవయ్యో వరుస మాత్రం ఊదారంగు. అక్కడ కూర్చుంటే సముద్రమట్టానికి సరిగ్గా మైలు ఎత్తు, 5,280 అడుగులు. మెట్లెక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. డెన్వర్‌లో ఏళ్లుగా ఉంటున్న అన్నయ్య నవ్వాడు. "నీకే ఇలా ఉంటే బంతి విసిరే పిచ్చర్ల సంగతి చూడు" అన్నాడు.

అది 2025 వేసవి. ఇక్కడి జట్టు కొలరాడో రాకీస్ ఓడుతూనే ఉంది. మే నెలలో ఇదే మైదానంలో శాన్ డియేగో చేతిలో 21-0తో చిత్తయింది. మర్నాడు గెలిచింది కూడా, కానీ ఆ గెలిచిన రోజే మేనేజర్ బడ్ బ్లాక్‌ని ఇంటికి పంపారు!

స్పిన్‌తో వచ్చే బంతి గాలిని పట్టుకునే వంగుతుంది. ఇక్కడ గాలే పల్చన. మా కళ్లముందే ఒక కర్వ్‌బాల్ వంగకుండా నడుము ఎత్తులో వచ్చింది. బ్యాటర్ ఒక్కటిచ్చాడు. బంతి ఎటు పోయిందో పిచ్చర్ తిరిగి చూడనైనా లేదు. రోజిన్ పొడి అరచేతికి రాసుకుని కొత్త బంతి కోసం చెయ్యి చాపాడు. 2002 నుంచి బంతుల్ని తేమ గదిలో దాస్తున్నారు. దాంతో బంతి ఎగరడం కొంత తగ్గింది గానీ, గాలి చిక్కబడదు కదా. అంతకుముందు పిచ్చర్ మైక్ హాంప్టన్‌ని ఎనిమిదేళ్లకి 12.1 కోట్ల డాలర్లు పోసి తెచ్చారు. రెండు సీజన్లకే వదిలించుకున్నారు.

అలాగని తప్పంతా గాలి మీదికి నెట్టేస్తే నేనొప్పుకోను. 2007లో ఈ జట్టే 22 ఆటల్లో 21 గెలిచి వరల్డ్ సిరీస్‌కి వెళ్లింది. ఈ ఊళ్లోనే పుట్టిపెరిగిన పిచ్చర్ కైల్ ఫ్రీలాండ్ 2018లో 17 ఆటలు గెలిచాడు. 2025 సీజన్‌లో అతని ఖాతాలో 17 ఓటములు. కుర్ర పిచ్చర్ చేస్ డాలాండర్ ఆ ఏడాది బయటి ఊళ్లలో బాగానే విసిరాడు, సొంతగడ్డ మీదే చితకబాదించుకున్నాడు. ఇలాంటివాణ్ణి తీర్చిదిద్దే పద్ధతేదో ఉండాలి కదా? 2021లో స్టార్ ఆటగాడు నోలన్ అరెనాడోని సెయింట్ లూయిస్‌కి ఇచ్చి, పైగా ఎదురు డబ్బులిచ్చారు. ఆ తర్వాతైనా జట్టుని మొదటి నుంచి కట్టుకున్నారా అంటే అదీ లేదు. 2023లో 103 ఓటములు, 2024లో 101, 2025లో 119.

సూర్యుడు కొండల వెనక్కి దిగుతుంటే అందరూ ఫోన్లు అటు తిప్పారు. ఆ ఇన్నింగ్స్‌లో రెండు పరుగులు పోయినా ఎవరికీ పట్టలేదు. ఆ ఏడాది ఇక్కడికి దాదాపు 24 లక్షల మంది వచ్చారు. ఓడినా జనం వస్తుంటే యజమానులకి తొందరేముంటుంది?

ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే అన్నయ్య లేచాడు.

"ఇంకాసేపు ఉందాం అన్నయ్యా."

"ఆలస్యమైతే రైల్లో నిలబడాలిరా."

చివరి నుంచి మొదటి స్థానంలో ఉన్న జట్టు ఆట చూసొచ్చి, ఆ రోజు మేం నిలబడే ప్రయాణం చేశాం.