దిద్దుబాటుల చిట్టా

వ్రాసినదానిని దిద్దుట ఎంత అవసరమో, దిద్దుటకు పూర్వము అచట ఏమి యుండెనో ఎఱుగుటయు అంతే అవసరము. తాటాకు గ్రంథముల కాలమున లేఖకుడు ఒక ప్రతిని చూచి వేఱొక ప్రతి వ్రాయుచు ఒక పదమును మార్చినచో, ఆ మార్పును ఎవరు చేసిరో, ఎందులకు చేసిరో తరువాతివారికి తెలియకుండెడిది. వేమన పద్యములను సేకరించిన బ్రౌను దొర పెక్కు వ్రాతప్రతులను పోల్చి చూడవలసి వచ్చెను.

ఈ చిక్కును తీర్చు సాధనము మన కాలమున ఒకటి కలదు. దాని పేరు గిట్. ఫిన్లండు దేశమున జన్మించిన లైనస్ టోర్వాల్డ్స్ దీనిని 2005వ సంవత్సరము ఏప్రిల్ నెలలో నిర్మించెను. ఆయన ఆరంభించిన లినక్స్ కెర్నల్‌ను పెక్కు దేశములవారు కలిసి వ్రాయుచుండిరి. అంతవరకు వారు వాడుచున్న బిట్‌కీపర్ అను సాధనము వారికి ఉచితముగా లభించుట ఆగిపోగా, ఆయన తానే మఱొకదానిని చేసికొనెను.

కంప్యూటరు నిపుణులకై పుట్టిన ఆ సాధనముతో నాకు పని కల్పించినవి మా ఊరి సేద్యపు మాటలు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయ పదములకు సంబంధించినది. దానిని చదివినపుడు, మోట, ఏతము, గూడ, గిలక, మోకు అను మాటలలో ఎన్ని మా ఇంటి పిల్లలకు తెలియునో యను శంక నాకు కలిగెను. బావులకు విద్యుత్ మోటార్లు వచ్చిన పిమ్మట మోట మూలబడినది. మా ఊర మోట తోలినవారు అప్పటికి ముగ్గురే మిగిలియుండిరి. ముగ్గురును ఎనుబది యేండ్లు దాటినవారే. ఆలస్యము చేయుటకు వ్యవధి లేదు.

మా అన్నగారి కుమార్తెయు నేనును గిట్‌హబ్‌లో ఖాతాలు తెఱచితిమి. గిట్‌తో నడచు పనులను అంతర్జాలమున దాచి యుంచుటకు 2008లో ఏర్పడిన చోటది. అందు ఖాతా తెఱచుటకు 13 ఏండ్లు నిండియుండవలెను. పిదప రిపాజిటరీ యొకటి ఏర్పఱచితిమి. అది మా మాటల కొట్టు. అందు పనిముట్టునకు ఒక పుట చొప్పున వ్రాసితిమి. పుటను మార్చి భద్రపఱచుటను కమిట్ అందురు. ప్రతి కమిట్‌తోను చేసినవారి పేరు, తేదీ, కారణము నమోదగును. అందలి విషయమును బట్టి లెక్కించిన 40 అంకెలు, అక్షరములు గల గుర్తు దానికి ఏర్పడును. ఒక్క అక్షరము మారినను ఆ గుర్తు మారిపోవును. కావున పాత వ్రాతను రహస్యముగా దిద్దుట సాధ్యము కాదు.

ఒకనాడు చిన్న తగవు వచ్చెను. ఒకే పంక్తిలో నేను ‘మోట’ అని వ్రాయగా, ఆ బాలిక తన కంప్యూటరులో ‘కపిల’ అని వ్రాసినది. గిట్ ఆ రెంటిలో దేనిని తుడిచివేయలేదు. రెండు పాఠములను ఒకదాని క్రింద నొకటిగా నిలిపి, నిర్ణయమును మాకే విడిచినది. “చిన్నాన్నా, అమ్మమ్మగారి ఊళ్ళో దీన్ని కపిల అంటారు కదా!” అని ఆమె వాదించెను. ఆమె అమ్మమ్మగారిది అనంతపురము ప్రాంతము. విచారించి చూడగా ఇరువురి మాటయు నిజమే. అందుచే రెండు పదములను, అవి వాడుకలోనున్న ప్రాంతములతో సహా ఉంచితిమి.

ఆ పుటలను లోకమునకు చూపుటకు గిట్‌హబ్ పేజెస్ అను సదుపాయము కలదు. ఖాతా పేరునకు ‘గిట్‌హబ్.ఐఓ’ చేర్చి రిపాజిటరీకి పేరిడి, అందు ‘ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్’ అను పుట నుంచినచో, కొలది నిమిషములలో అది వెబ్‌సైటుగా తెఱచుకొనును. అందఱికి కనబడు రిపాజిటరీలకు రుసుము లేదు. అయితే అవి అచ్చుపుస్తకపు పుటల వంటివి. చదువరులందఱికి ఒకే తీరున కనబడును. చదువరి పంపిన వివరములను స్వీకరించి దాచుకొను పని అచట జరుగదు. సైటు పరిమాణము 1 గిగాబైటును మించరాదు. మాటల పుటలకు అది మిక్కిలి విశాలము.

ఒక జాగ్రత్త అవసరము. ఏదియు మఱవని చిట్టా తుడిచివేసినదానిని కూడ దాచియుంచును. సంకేతపదములు, ఫోను నంబర్లు అందు ఎన్నడును వ్రాయరాదు. మేము వృద్ధుల అనుమతితో వారి మాటలను మాత్రమే ఉంచితిమి. ఇంటి కంప్యూటరులోను పూర్తి ప్రతి నొకటి నిలుపుకొంటిమి. గిట్‌హబ్ 2018 నుండి మైక్రోసాఫ్ట్ సంస్థ అధీనమున నున్నది. పరుల కొట్టులో ధాన్యము దాచినవాడు విత్తనములను ఇంట నుంచుకొనుట మంచిది గదా!

ఆ ముగ్గురిలో ఒకరు నిరుడు కాలధర్మము నొందిరి. మోట తొండమును తోలుతో కుట్టు తీరును ఆయన వివరించిన పుట, ఆయన చెప్పిన నాటి తేదీతో నిలిచియున్నది. విద్యార్థులారా, మీ ఊర కుమ్మరి సారె యొద్దను, నేతగాని మగ్గము యొద్దను ఇట్టి మాటలు ఎన్నో యుండును. చెప్పగలవారు ఉన్నపుడే వెళ్ళి అడుగుడు.