పలికెడి పలకలు, పలుకని చట్రములు

ఉత్తర అమెరికాఖండమున మిన్నెసోటా యను రాష్ట్రమును అచ్చటివారు పదివేల సరస్సుల నాడని పిలుచుకొందురు. వారి బండ్ల సంఖ్యాఫలకముల మీద సైతము ఆ బిరుదే వ్రాయబడి యుండును. ఆ రాష్ట్రపు రాజధాని యగు సెయింట్ పాల్ నగరమునకు ఈశాన్యమున వైట్ బేర్ లేక్ అను చిన్న పట్టణము కలదు. ఆ మాటకు శ్వేతభల్లూక సరస్సని యర్థము. సరస్సు పేరే ఊరికిని వచ్చినది. 2024 సంవత్సరపు వేసవి సెలవులలో మా అన్నగారు పిలువగా మేము దంపతులము ఆ ప్రాంతమునకు పోయి నెలదినము లుంటిమి. జ్యేష్ఠమాసమున అచట రాత్రి తొమ్మిది గంటల వరకును ప్రొద్దు గ్రుంకదు. శీతకాలమున ఆ సరస్సే గడ్డకట్టగా, జనులు దానిపై చిన్న చిన్న గుడిసెలు నిలిపి, మంచునకు రంధ్రము తొలిచి చేపలు పట్టుదురట. మేపుల్, ఓక్ వృక్షములు వీధివీధిని నీడ నిచ్చుచుండును. మేపుల్ చెట్ల పేర వెలసిన యూళ్లే చుట్టుపట్ల రెండు మూడున్నవి. అందొకటియైన మేపుల్ గ్రోవ్‌లో మనవారు కట్టుకొన్న గొప్ప దేవాలయమును కూడ దర్శించితిమి.

యాత్రలు వ్రాయువారు జలపాతములను, వారధులను వర్ణించుట వాడుక. అవియు నచట కొల్లలు. కాని మేము సోదరీమణులకు చెప్పదలచినది ఆ యూర పుట్టిన యొకానొక గృహోపకరణమును గూర్చియు, అట్టి దానికి మా అన్నగారి యింట జరిగిన కొయ్యపనిని గూర్చియు.

మన యిండ్లలో రేడియోలందు ఉండెడి లౌడుస్పీకరు పెట్టెలో అమర్చిన కాగితపు గరాటు వంటిది. గరాటు మొదట చుట్టిన తీగ అయస్కాంతపు సందున ముందువెనుకల కాడుచు, గరాటుచే గాలిని కదిలించును. వైట్ బేర్ లేక్‌లో 1969వ సంవత్సరమున జిమ్ వైనీ యను ఇంజనీరు స్థాపించిన మాగ్నెపాన్ సంస్థవారు పెట్టెను, గరాటును రెంటిని విడిచి వేఱుమార్గము త్రొక్కిరి. వైనీగారు అంతకు పూర్వము ఆ చెంతనే ప్రధానస్థానము గల త్రీఎమ్ సంస్థలో పనిచేసినవారు. శీతలపేటిక తలుపు అంచున రబ్బరువలె వంగుచు, తలుపును అంటిపెట్టుకొని యుండెడి అయస్కాంతపు పట్టీని మన మెఱుగుదుము గదా. అట్టి పట్టీలను బెజ్జముల యినుపరేకుపై వరుసలుగా అతికించి, వాని యెదుట ఉల్లిపొర వలె పలుచనైన ప్లాస్టికు పొరను బిగించి, ఆ పొరపై సన్నని తీగను మెలికలుగా అంటింతురు. తీగలో విద్యుత్తు పాఱగానే అయస్కాంతబలముచే పొరయంతయు ఒక్కమారుగా కంపించి పలుకును.

చూచుటకు ఇది గుడ్డ కప్పిన తలుపురెక్క వలె నుండును. అయిదడుగులు దాటిన ఎత్తు, అడుగున్నర వెడల్పు, రెండంగుళముల మందము. ముందునకు ఎంత ధ్వని వచ్చునో వెనుకకును అంతే పోవును. కావున గోడకు ఆనించి పెట్టరాదు. మూడడుగులైనను ఎడముగా నిలుపవలెను. హాలు నడుమకు వచ్చి నిలుచు నీ రెక్కలను గూర్చి ఇల్లాండ్రేమందురో వేఱుగ వ్రాయ నక్కఱలేదు. మా వదినగారు వానికి జయవిజయులని పేరిడిరి.

మా అన్నగారి యింటనున్నవి ఇట్టి పలకలే. ఒకరు వాడి విడిచిన పాత జతను వారు కొనిరి. ఒకమారు మంచు కరిగిన దినములలో ఇంటి నేలమాళిగలోనికి నీరు వచ్చి, అచట నిలిపియున్న పలకల అడుగుభాగము తడిసినది. వాని చట్రములు కొయ్యపొడిని జిగురుతో కలిపి ఒత్తిన పలకతో చేయబడినవి. అట్టి పలక తడిసినచో అటుకులవలె ఉబ్బును. ఎండిన పిమ్మటను మునుపటి రూపునకు రాదు. మరలు వదులైనవి. మంద్రస్వరము వచ్చినప్పుడెల్ల పలకలు జిఱ్ఱుమని మూలుగ నారంభించినవి.

వేఱు జత కొనవచ్చును గదా యని చదువరు లడుగవచ్చును. దానికి కారణ మొకటి కలదు. మా అమ్మగారు 2020వ సంవత్సరము వైశాఖమున పరమపదించిరి. ఆ దినములలో దేశముల నడుమ విమానములు నిలిచిపోయి యుండుటచే మా అన్నగారు కడసారి చూపునకైనను రాజాలకపోయిరి. 1996లో ఒక శ్రావణ శుక్రవారమున అమ్మగారు పాడిన మంగళహారతులు రెండును, పసిబిడ్డలకు పాడెడి జోలపాట యొకటియు ఒక క్యాసెట్టులో నిలిచియుండెను. ఆ క్యాసెట్టు అన్నగారి యొద్దనే యున్నది. దూరదేశమున వారు దానిని మొట్టమొదట విన్నది ఈ పలకల మీదనే. కావున వానిని పాఱవేయుటకు వారికి చేతులు రాలేదు. చేవకొయ్యతో తామే క్రొత్త చట్రములు చేయ సంకల్పించిరి. ఇట్టి పలకలు గల పలువురు ఆ దేశమున స్వహస్తములతో చట్రములు చేసికొనుచుందురట.

మేము పోవునప్పటికి బండిశాల యంతయు వడ్రంగిశాలయై యుండెను. ఆ దేశమున చేవకొయ్యను అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళము మందము గల కొలతతో లెక్కించి అమ్ముదురు. నల్లని అక్రోటు కొయ్య, ఓక్, మేపుల్ మూడింటిని పరిశీలించి అన్నగారు మేపుల్‌ను ఎన్నుకొనిరి. బరువున నది ఒత్తుడుపలకకు పెద్దగా భిన్నము కాదు. కాని పోగు వెంబడి చూచిన దాని బిగువు ఒత్తుడుపలకకు మూడింతలకు తక్కువ గాదు, వంచబోయిన వంగదు. కొయ్యను తెచ్చిన వెంటనే కోయలేదు. ఇంటిగాలికి అలవాటు పడుటకై రెండు వారములు హాలులో పేర్చియుంచిరి. తరువాత రంపమున కోసి, చిత్రిక పట్టి, మూలలను మరలతో గాక కుసి, బెజ్జము కూర్చి బిగించిరి. పలక వెనుక ఏటవాలుగా ఊతకఱ్ఱ నొకదానిని చేర్చి, అడుగున వెడల్పైన పాదములు నిలిపిరి.

మావారు బడిపంతులు గనుక కారణము నడుగక ఊరకుండరు. "ఆ పొర గాలికెగురు నంత తేలిక. దానికి ఇంత మోపు చట్రమేల, బావా?" అని ప్రశ్నించిరి. అన్నగా రిట్లు బదులిచ్చిరి. "పొర గాలిని ముందునకు త్రోసినప్పుడు ఆ త్రోపు చట్రమునకును వెనుకకు తగులును. చట్రము తానును ఊగినచో పొర చేసిన పనిలో కొంత వ్యర్థమగును. ఊగిన చట్రము తన గొంతును పాటకు చేర్చును."

ఈ మాట విని మేము మిగుల ఆశ్చర్యపడితిమి. మా ప్రాంతమున బొబ్బిలి చేరువనున్న గొల్లపల్లిలో వీణలు చేయువారిని మేము చూచియున్నాము. వారు ఒకే పనసదుంగను తొలిచి కుండను, దండిని చెక్కుదురు. ఆ పనసకొయ్య తంతితోపాటు పాడవలెను. పాడనిచో అది వీణయే కాదు. ఇచట మేపుల్ కొయ్య పాడరాదు. పాడినచో అది దోషము. ఒకచోట కొయ్యను పలుచన చేసి పలికింతురు. ఒకచోట మందము చేసి, ఊతమిచ్చి మౌనము పట్టింతురు. రెండు చోట్లను పనివాడు కొయ్య స్వభావమునే ఎఱుగవలెను. జల్లెడను చూడుడు. పిండి జల్లించునది బట్టయే కాని, చుట్టు చట్రము వదులైనచో బట్ట యేమి చేయగలదు?

అన్నగారు నాలుగు మాసములు చిత్రిక పట్టుచుండగా, మా వదినగారు ఒక సాయంకాలము కూర్చుండి వేఱొక పని చేసిరి. క్యాసెట్టు పెట్టెను కంప్యూటరునకు తీగతో కలిపి అమ్మగారి పాటలను అందులోనికి ఎక్కించిరి. పిదప దాని ప్రతులను మూడు చోట్ల భద్రపరచి, ఒకటి మాకును పంపిరి. "చట్రము విరిగిన మఱియొకటి చేయవచ్చును. ఆ నాడా తెగిన నేమి చేయుదుము, అన్నయ్యగారూ?" అని మావారితో చెప్పిరి.

మేముండగనే చట్రములు రెండును ముగిసినవి. ఆ రాత్రి అన్నగారు ఎవరెన్ని చెప్పినను వినక, మొదట క్యాసెట్టునే పెట్టి వినవలె ననిరి. హారతి పల్లవి రెండవమారు వచ్చునప్పటికి పాట వంకరపోయి ఆగినది. పెట్టె తెఱచి చూడగా సన్నని నాడా చక్రములకు చుట్టుకొని రెండుచోట్ల తెగియుండెను. అన్నగారి ముఖము చూడ మాకు ధైర్యము చాలలేదు. వదినగారు మాటాడక లేచి, తాము దాచిన ప్రతిని పెట్టిరి. ఆగిన చోటు దాటి పాట సాగినది.

చట్రము మార్చిన ఫలమెంత యని చదువరులు తెలియగోరుదురు. మఱునాడు మేము కన్నులు మూసికొని పరీక్షించితిమి. పాత చట్రములలో నొకదానిని ఎరువు తెచ్చిన మఱియొక పలకకు బిగించి, రెండింటిని వంతులవారీగా ఒకే తావున నిలిపి వినిపించిరి. మృదంగపు తొప్పిదెబ్బ, తంబుర శ్రుతి క్రొత్తదానిలో స్పష్టము. జిఱ్ఱుమను మూలుగు బొత్తిగా లేదు. కాని స్త్రీకంఠము వచ్చినప్పుడు ఏది క్రొత్తదో ఏది పాతదో మాలో నెవరును నిశ్చయముగా చెప్పలేకపోయిరి. అమ్మగారి కంఠమును, క్యాసెట్టు నాటి బుసబుసయు ఎప్పటివలెనే యున్నవి. చట్రము లేని స్వరమును చేర్చదు. తన వణకును మాత్రము తీసికొనిపోవును.

జోలపాటలో తాళమునకు అమ్మగారి గాజులు మ్రోగుచుండుట ఆనాడు మేమందఱమును వింటిమి. పాత చట్రము నుండి విన్నను ఆ గాజులు వినబడినవి. అవి యెన్నడును లేకపోలేదు. అంతవఱకు ఇంటిల్లిపాదియు ఒక్కచోట కూర్చుండి కడవఱకు వినుట జరుగలేదు. అన్నగారు చాలసేపటికి, "గాజులు పచ్చవి, ఆ యేడు తిరునాళ్లలో నేనే కొనితెచ్చితిని" అనిరి. చట్రములను గూర్చి ఆ దినమున మఱి మాటాడలేదు.

కొయ్యపని తలపెట్టెడి వారికి మేము కన్న జాగ్రత్తలు కొన్ని వ్రాసెదము. పలకలోని అయస్కాంతములు ఉలిని, మరలను తటాలున లాగుకొనును. అవి పొరను చీల్చవచ్చును. ఇనుపరజను అంటిన నది మఱల వదలదు. కావున కోత, బెజ్జము వేయుట మొదలగు పనులన్నియు పలకకు దూరముగ ముగింపవలెను. కొయ్యకు అవిసెనూనె పూసిన గుడ్డలను ఉండచుట్టి మూలను పడవేయరాదు. అవి తమంత తామే వేడెక్కి అంటుకొనును. ఆరుబయట విడివిడిగా పఱచి ఆరవేయుట గాని, నీట ముంచి యుంచుట గాని చేయవలెను.

సోదరీమణులారా! మన పెట్టెల అడుగున పెద్దల కంఠములు నిలిచిన నాడాలు ఎన్ని యున్నవో కదా! ఏండ్లు గడచినకొలది అవి పెళుసై, స్వరము తఱుగును. వానిని వినిపించు పెట్టెలును బాగుచేయువారును అరుదైపోవుచున్నారు. మంచి చట్రము చేయించుకొనుడు. అది ఇంటికి అందమే. కాని అంతకు ముందు ఒక సాయంకాలము తీఱిక చేసికొని, ఇంటనున్న పిల్లలలో కంప్యూటరు తెలిసినవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ నాడాలకు ప్రతులు తీయించి, ఒకటికి రెండుచోట్ల దాచుడు. పాడినవారెవరో, ఏ యేట పాడిరో ఒక కాగితముపై వ్రాసి దానితో నుంచుడు.