అతిశయోక్తి: దగ్గరివాళ్ల కొలమానం

లోకంలో సాధ్యమైన హద్దును దాటించి ఒక విషయాన్ని చెప్పడాన్ని అలంకారశాస్త్రం అతిశయోక్తి అంటుంది. కావ్యాదర్శంలో దండి దీన్ని అలంకారాలలో ఉత్తమమైనదిగా ఎంచాడు. అయితే ఇది కవులకే పరిమితమైనది కాదు. విశాఖలోని గాజువాక వీధుల్లో ఎండకు మాడు పగిలిపోతుంది, రెండుసార్లు చెప్పిన మాట వెయ్యిసార్లు చెప్పినట్టవుతుంది, విదేశం నుంచి సెలవులకు వచ్చిన కొడుకు ఎంత ఒళ్లు చేసినా తల్లి కంటికి చిక్కి సగమైపోయే కనిపిస్తాడు.

ఇది అబద్ధం కాదు. అబద్ధం చెప్పేవారు ఎదుటివారు దాన్ని నమ్మాలని కోరుకుంటారు, అతిశయోక్తిలోనైతే మాట నిజం కాదని ఇద్దరికీ తెలుసు కనుక దాని వెనుకనున్న ప్రేమో అలసటో మాత్రమే అవతలికి చేరుతుంది. తన గొప్ప కోసం కోసే కోతలకూ దీనికీ ఉన్న తేడా అదే. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే పేర్లు గల బ్లాస్ట్ ఫర్నేసులలో ఇనుము సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ వేడి వద్ద ద్రవమై ప్రవహించే విశాఖ ఉక్కు కర్మాగారంలో, షిఫ్టు లాగ్‌బుక్కులో ప్రతి అంకెనూ సరిచూసి రాసే ఉద్యోగే ఇంటికి వచ్చి ‘ఇవాళ ఉడికిపోయాం’ అంటాడు. మొదటిది యంత్రానికి కొలత, రెండోది మనసుకు కొలత.

విషయం నిజంగా బరువైనప్పుడు తెలుగువారి మాట తేటపడుతుంది. ఆ కర్మాగారం కోసం 1966లో సాగి, పలువురి ప్రాణాలను బలిగొన్న ఉద్యమానికి ఊపిరైన ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదంలో పెంచి చెప్పినదేమీ లేదు. ఇళ్లలోనూ అంతే. చిన్న తలనొప్పికి ‘ప్రాణం పోతోంది’ అనే తండ్రి ఫోనులో ‘కొంచెం నలతగా ఉంది’ అని ఊరుకున్న రోజున, సముద్రాల అవతలనున్న కొడుకు విమానం టికెట్టు వెతుకుతాడు.

ఈ కొలమానం తెలియనివారి మధ్య బతకడమే ప్రవాసంలోని కష్టం. అమెరికా ఆసుపత్రిలో నొప్పిని సున్నా నుంచి పది వరకు ఒక అంకెతో చెప్పమన్నప్పుడు, ఇంట్లో ప్రతి నొప్పినీ కొండంత చేసే పెద్దావిడ కొత్తవారి ముందు మొహమాటపడి ‘పర్వాలేదు’ అనవచ్చు. అక్కడ అసలు బాధను వైద్యుడికి తెలియజెప్పవలసింది ఆమె రెండు రకాల మాటలనూ ఎరిగిన బిడ్డలే. అందుకే విదేశాలలో పుట్టిన పిల్లలకు అక్షరాలతోపాటు అమ్మమ్మ, తాతయ్యల ధారాళమైన మాటలూ రోజూ వినిపించాలి. ఎక్కడ పెంచి చెబుతున్నారో, ఎక్కడ దాచుకుంటున్నారో గ్రహించే నేర్పు పాఠ్యపుస్తకంలో దొరకదు, విని విని అలవడుతుంది.