సముద్రంలో చమురు... ఊళ్లో ఆటో చార్జీ

మా ఉద్దానం వాళ్లకు సముద్రం ఇచ్చేవీ తెలుసు, లాక్కునేవీ తెలుసు. చేపలిస్తుంది. తోటల మీదికి చల్లగాలి పంపుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానై వచ్చి, దశాబ్దాల కొబ్బరిచెట్లనూ జీడితోటలనూ నేలమీద పడుకోబెట్టింది కూడా. అప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్లు తెచ్చి ట్యాంకులకు నీళ్లెక్కించారు. బిందెడు నీళ్లకి కూడా డీజిలు కావాల్సి వస్తుందని మాకు అప్పుడే తెలిసింది.

అందుకే 2024 జనవరి 7న కాకినాడ తీరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరాన, లోతు సముద్రంలోంచి ఓఎన్‌జీసీ తొలి చమురు తీసిందన్న వార్తను మా ఇంట్లో ఒకరి తర్వాత ఒకరం చదివాం. మా బావమరిదికి ఆటో ఉంది. మా ఊరికీ పలాసకీ మధ్య తిప్పుతాడు.

"ఏటి బావా, మన సముద్రంలోనే ఆయిలు పడ్డాదంట. ఇంక రేటు దిగిపోద్ది కదేటి?" అన్నాడు.

అతను అడిగింది తన కోసమే కాదు. మా పెదనాన్నకు కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఈ మాట చెబితే ఇంకేమీ వివరించనక్కర్లేదు. వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు. ఆటోలో తీసుకుంటారు. బావమరిది మా దగ్గర తీసుకోడు గానీ, బంకులో అతని దగ్గర తీసుకుంటారు కదా! చార్జీకి వెనకాడి ఈ వారం ఒక విడత మానేద్దామా అని ఆలోచించే ఇళ్లు కూడా నాకు తెలుసు. అక్కడ డీజిలు ధర అంటే పేపర్లో అంకె కాదు.

జీడిపప్పు పరిశ్రమలో లెక్కలు రాసే ఉద్యోగం నాది. అలవాటు కొద్దీ ఆ రాత్రి కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఆ క్షేత్రం పూర్తిస్థాయికి చేరితే రోజుకు 45 వేల పీపాల చమురు వస్తుందని అప్పట్లో ప్రకటించారు. పీపా అంటే 159 లీటర్లు. వినడానికి చాలా ఎక్కువే. కానీ మన దేశం రోజుకు 50 లక్షల పీపాలకు పైగానే వాడుతుంది. అంటే మన అవసరంలో నూటికి ఒక వంతు కూడా కాదు. ప్రపంచం మొత్తం రోజుకు సుమారు 10 కోట్ల పీపాలు తాగేస్తోంది. ఆ లెక్కన వెయ్యికి అర వంతు కూడా రాదు.

"ఎంతైనా మనది కదా, మనకి తక్కువకి ఇవ్వరా?" అని మా ఆవిడ సందేహం. దానికి జవాబు మా పలాసలోనే ఉంది. జీడిచెట్టు మన ఉద్దానంలోదే. పిక్క ఏరేదీ మనమే. అయినా 80 కిలోల బస్తా ఎంత పలకాలో మన చెట్టు నిర్ణయించదు. ఆఫ్రికా నుంచి ఓడల్లో దిగే పిక్కల ధర చూసి వ్యాపారి రేటు చెబుతాడు. చమురూ అంతే. ఏ సముద్రంలో దొరికినా ప్రపంచ ధరను చూసే అమ్ముతారు.

పైగా దొరకడం వేరు, చేతికి రావడం వేరు. 2002లో ఇదే కృష్ణా గోదావరి బేసిన్‌లో రిలయన్స్‌కు భారీగా గ్యాస్ దొరికింది. గ్యాస్ పైకి రావడానికి 2009 ఏప్రిల్ దాకా పట్టింది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని లెక్కలు వేశారు. అక్కడిదాకా చేరకుండానే దిగుబడి పడిపోయింది. ఆ రెండు ప్రధాన క్షేత్రాలూ 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. ఆ గ్యాస్‌ను నమ్ముకుని మన రాష్ట్రంలో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక ఆగిపోయాయి. తర్వాత అదే బ్లాకులో వేరే క్షేత్రాలు ఉత్పత్తికి వచ్చాయి, నిజమే. కానీ ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దొరికిందన్న రోజునే ధర తగ్గించేసుకుంటే నిరాశ తప్పదు.

అలాగని కొత్త నిక్షేపాల వల్ల ప్రయోజనమే లేదనుకోకూడదు. గయానా అనే చిన్న దేశానికి 2015లో సముద్రంలో చమురు దొరికింది. 2019 డిసెంబరులో తీయడం మొదలుపెట్టి, 2024 నాటికి రోజుకు 6 లక్షల పీపాలు దాటింది. ఇటువంటివి నాలుగైదు కలిస్తే ధర పైకి ఎగరకుండా పట్టి ఉంచుతాయి. అమెరికాలో రాతిపొరల నుంచి తీసే చమురు వెల్లువెత్తడం, ఒపెక్ దేశాలు ఉత్పత్తి తగ్గించకపోవడంతో, 2014 మధ్యలో పీపా 110 డాలర్లు దాటి ఉన్న ధర 2016 జనవరికి 30 డాలర్ల కిందికి దిగింది. అదే ఒపెక్ కుళాయి బిగించినా, 2022లో ఉక్రెయిన్‌లో జరిగినట్టు యుద్ధం వచ్చినా మళ్లీ పైకే.

మరి ధర దిగినప్పుడు మన బంకులో ఎందుకు దిగలేదు? 2020 ఏప్రిల్‌లో అమెరికా ముడిచమురు ధర ఒకరోజు సున్నా కిందికి కూడా పోయింది. మే నెలలో కేంద్రం పెట్రోలుపై లీటరుకు 10 రూపాయలు, డీజిలుపై 13 రూపాయలు పన్ను పెంచింది. దిగిన ధర మనదాకా రాకుండా అక్కడే ఆగిపోయింది. 2021 నవంబరులో, 2022 మేలో కొంత తగ్గించారనుకోండి. రాష్ట్రం పన్ను వేరే ఉంది. నమ్మకపోతే హైవే మీద లారీ డ్రైవర్లను అడగండి. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్లాకే ట్యాంకు నింపుకొంటారు. అదే చమురు, అదే తీరం. రాష్ట్రం దాటితే లీటరుకు కొన్ని రూపాయలు తేడా.

ఈ మాటలన్నీ బావమరిదికి చెబితే, "అయితే బావా, సముద్రంలో పడ్డా మనకేటీ లేదన్నమాట" అన్నాడు. ఏమీ లేకపోలేదు. మనకు కావలసిన ముడిచమురులో నూటికి 85 వంతులకు పైగా బయటి నుంచి కొంటున్నాం. ఇక్కడ తీసిన ప్రతి పీపా మేరకు డాలర్లు మిగులుతాయి. దేశానికి అది మంచిదే. ఆ మంచి ఆటో సీటు దాకా రావాలంటే మాత్రం పన్ను వేసేవాళ్లు దారి ఇవ్వాలి.

అందుకని ఇప్పుడు చమురు దొరికిందన్న వార్త వస్తే మా ఇంట్లో మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాం. ఎప్పుడు తీస్తారు? ఎంత వస్తుంది? పన్ను ఎవరు తగ్గిస్తారు? మొదటి రెండింటికి జవాబు సముద్రం చెప్పాలి. మూడోది మనం ఓటేసినవాళ్లు చెప్పాలి.

ఆ జవాబులు వచ్చేదాకా ఊరుకోలేం కదా! మా వీధిలో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ముగ్గురున్నారు. ఆసుపత్రివాళ్లను బతిమాలి ముగ్గురి వంతులూ ఒకే రోజుకు, ఒకే వేళకు మార్పించుకున్నాం. ఇప్పుడు ముగ్గురూ ఒకే ఆటోలో వెళ్తున్నారు. మనిషికి చార్జీ మూడో వంతుకు వచ్చింది. మా వీధిలో ఈ మధ్య ఎవరూ ఒక్క విడత కూడా మానలేదు.