మందూ ఉండాలి, అర్దాసూ ఉండాలి

లండన్ పడమటి కొసన సౌతాల్‌లో నాది మందుల షాపు కౌంటర్ ఉద్యోగం. వచ్చేవాళ్లలో చాలామంది పంజాబీలే. షుగరో బీపీయో మోకాళ్ల నొప్పులో లేని ఇల్లు తక్కువ. దక్షిణాసియా వాళ్లకి షుగరు ముప్పు ఇక్కడి తెల్లవాళ్లకంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువని డాక్టర్లు చెబుతారు. ఆ లెక్కలో మనమూ ఉన్నామనుకోండి.

ఇన్సులిన్ సూదుల కోసం వచ్చే ఒక పెద్దావిడ ఉంది. అందరికీ బీజీ, నాకూ బీజీయే. చెవిలో ఇయర్‌ఫోన్, అందులో సుఖ్‌మనీ సాహిబ్. సిక్కుల ఐదో గురువు అర్జన్ రాసిన 24 అష్టపదులు, నింపాదిగా వింటే గంటన్నర పడుతుంది. నేను డోసు చెబుతుంటే ఒక చెవి నాకిచ్చి, రెండో చెవి అటే ఉంచుతుంది. "మందు ఒంటికి పుత్తర్, ఇది లోపలికి" అంటుంది. వాహెగురు ఉన్నాడు కదా అని మాత్రలు మానేసి, పాదం పుండయ్యాక పరుగెత్తుకొచ్చేవాళ్లు ఇక్కడా లేకపోలేదు. కానీ వాళ్ల గురువుల చరిత్ర చూస్తే అలా మానేయమన్న మాట ఎక్కడా కనిపించదు నాకు. కీరత్‌పూర్‌లో ఏడో గురువు హర్ రాయ్ ఏకంగా ఔషధాలయమే నడిపించారు. తరన్ తారన్‌లో కుష్ఠురోగులకు ఆశ్రయం కట్టించింది అర్జన్ గురువే. ఖడూర్ సాహిబ్‌లో రెండో గురువు అంగద్ కుర్రాళ్లకు కుస్తీ గోదా పెట్టించారు. అహంకారాన్ని దీర్ఘరోగమని చెప్పిందీ ఆయనే. కండలు పెంచమన్న మనిషే ఆ మాటా అన్నాడు చూడండి.

బీజీని నేను ఎక్కువగా అడిగేది ఎనిమిదో గురువు హర్ కిషన్ గురించి. 1661లో గురువయ్యేనాటికి ఆయనకు అయిదేళ్లు. 1664లో ఢిల్లీకి పిలిపిస్తే, ఊరంతా మశూచి, కలరా. రాజా జైసింగ్ బంగళాలో దిగి, రోగుల మధ్య తిరుగుతూ నీళ్లు ఇచ్చాడట ఆ పిల్లవాడు. చివరికి ఆ మశూచే ఆయన్నీ తీసుకెళ్లిపోయింది, ఎనిమిదేళ్లు కూడా నిండకుండానే. ఆ బంగళాయే నేటి బంగ్లా సాహిబ్ గురుద్వారా. అక్కడి సరోవరం నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయన్ని తలిస్తే దుఃఖాలన్నీ పోతాయని సిక్కులు రోజూ చేసే అర్దాసు ప్రార్థనలో చెప్పుకుంటారు.

తనని తాను కాపాడుకోలేని గురువు ఇతరుల రోగం ఎలా తీరుస్తాడని మొదట్లో నాకూ అనుమానమే. బీజీ దగ్గర దీనికి వాదన లేదు. "ఆయన రోగుల దగ్గరికి వెళ్లాడు కదా, అది చాలదా" అంది, అంతే. ఆ జవాబు నాకు నచ్చింది. చచ్చిపోకుండా బతికించడాన్ని వీళ్లు మహిమగా లెక్కెయ్యరు. రోగి దగ్గర ఎవరూ నిలబడని రోజున నిలబడటాన్నే లెక్కేస్తారు. ఆయన దహనం జరిగిన చోటే బాలా సాహిబ్ గురుద్వారా ఉంది. దాని ఆవరణలో ఆయన పేరు మీదే 2021లో ఉచిత డయాలిసిస్ ఆసుపత్రి తెరిచారు. నీళ్ల మహిమ నమ్మేవాళ్లే డయాలిసిస్ యంత్రాలూ కొన్నారన్నమాట.

అమ్మవారు పోస్తే వేపమండలు కట్టి పోచమ్మకి మొక్కుకునే ఊళ్లలో పెరిగినదాన్ని కాబట్టి ఇంకొకటి నన్ను ఆపింది. అర్జన్ గురువు కొడుకు హర్‌గోబింద్‌కి చిన్నప్పుడు మశూచి వస్తే, శీతలాదేవికి మొక్కమని చుట్టూ ఉన్నవాళ్లు పోరారు. గురువు మొక్కలేదు. బిడ్డ కోలుకున్నాక ఒక్క దేవుడికే కృతజ్ఞత చెబుతూ కీర్తనలు రాశారు. అలాగని ఆ నమ్మకం నీళ్లని వదిలిందా? లేదు. మా జహీరాబాద్‌కి దగ్గర్లోని బీదర్‌లో గురునానక్ ఝీరా ఉంది. మా అమ్మ అక్కడి ఊట నీళ్లు తెచ్చి అలమరాలో దాచేది. ఇంట్లో ఎవరికి ఒళ్లు కాలినా ముందు ఆ నీళ్లు గుక్కెడు, వెంటనే ఆర్ఎంపీ డాక్టరు.

నా ఉద్యోగంలో ఈ నమ్మకాల తాలూకు చిక్కులు చిన్నచిన్నవి. క్యాప్సూల్ పైపొర జెలటిన్ దేనితో చేశారని శాకాహారులు అడుగుతారు, మాత్ర రూపంలో దొరుకుతుందా అని వెతికిస్తారు. ఆపరేషన్ అనగానే అమృతధారులు, అంటే దీక్ష తీసుకున్న సిక్కులు, మొదట అడిగేది వెంట్రుక తీస్తారా అని. చేతికి కడియం (కడా) ఉంచుకోవచ్చా అన్నది రెండో ప్రశ్న. ఆదివారం పూట గురుద్వారాలో గోధుమపిండి, నెయ్యి, చక్కెర సమపాళ్లలో కలిపిన కడా ప్రసాద్ అరచేతిలో పెడితే, షుగరున్నవాళ్లు చిటికెడు నోట్లో వేసుకుని మిగిలింది పక్కనున్న పిల్లాడికి ఇచ్చేస్తారు. వద్దనడం మాత్రం చూడలేదు.

మొన్న హైదరాబాద్‌లో మా అమ్మకి మోకాలి ఆపరేషన్. బీజీకి చెబితే హెవ్‌లాక్ రోడ్ గురుద్వారాకి తీసుకెళ్లి అర్దాసులో పేరు చెప్పించింది. అమ్మ పేరు యాదమ్మ. ప్రార్థన చదివే గ్రంథీ నోట్లో అది 'జాదమా కౌర్' అయింది, హాలంతా ఆ జాదమా కోసం చేతులు జోడించింది. రాత్రి ఫోన్‌లో అమ్మకి అదే చెప్పాను. కాసేపు నవ్వి, "ఒక్క మోకాలికే చెప్పించినవా బిడ్డా? షుగరుకు గూడ ఒక మాట అనిపియ్యకపోయినవ్" అంది.