నంద్యాల నుంచి యర్రగుంట్లకు: సింగిల్ లైను మీద

నంద్యాలను యర్రగుంట్లతో కలిపే 123 కిలోమీటర్ల రైలు మార్గం 1996-97లో మంజూరై, దాదాపు ఇరవై ఏళ్ల తరవాత 2016 ఆగస్టులో ఈ కొస నుంచి ఆ కొస దాకా ప్రయాణికుల బండికి తెరుచుకుంది. డోన్, గుత్తి మీదుగా చుట్టు తిరిగితే తప్ప నంద్యాల ప్రాంతం వారు రైల్లో కడప చేరలేని ఇబ్బంది దానితో తీరింది. ప్రధాన మార్గం నుంచి కొమ్మలా చీలి, ఒక చిన్న ఊరి దాకా వెళ్లి అక్కడే ముగిసే దారిని రైల్వే పరిభాషలో బ్రాంచి లైను అంటారు. ఆ లెక్కన రెండు పాత మార్గాలను కలిపే ఈ దారిని లింకు లైను అనడమే న్యాయం. అయితే ఒకే జత పట్టాలు, ఎదురుబండి కోసం ఆగే స్టేషన్లు, రోజుకు కొద్దిపాటి బండ్లు, ప్రతి ఊరికీ బండి వేళతో ముడిపడిన దినచర్య అనే బ్రాంచి లైను లక్షణాలన్నీ దీనిలో ఉన్నాయి కనుక, ఆ దృష్టితో చూసినప్పుడే ఈ ప్రయాణానికి సారం చిక్కుతుంది.

ఇలాంటి దారులకు పుట్టినిల్లయిన ఇంగ్లండులో అవి పెద్ద సంఖ్యలో మూతపడ్డాయి. నష్టాల పేరుతో 1963లో వెలువడిన బీచింగ్ నివేదిక సుమారు 5,000 మైళ్ల మార్గాలను, 2,000కు పైగా స్టేషన్లను మూసివేయాలని చెప్పింది. డెవన్ జిల్లాలో 1872లో తెరుచుకున్న యాష్‌బర్టన్ బ్రాంచి అంతకు ముందే, 1958లోనే, ప్రయాణికులను కోల్పోయింది. అయినా యాష్‌బర్టన్ స్టేషను రూపురేఖలు చెరిగిపోలేదు, ఎందుకంటే అక్కడి మోడల్ రైల్వే నిర్మాతలు దానిని ఎన్నోసార్లు కొలిచి, గీసి, బల్లల మీద మళ్లీ కట్టుకున్నారు. మోడల్ రైల్వే అంటే అసలు మార్గాన్ని ఒక నిర్ణీత నిష్పత్తికి కుదించి, పట్టాలు, సిగ్నళ్లు, కట్టడాలు, చెట్టూ చేమాతో సహా నిర్మించి, బండ్లను వేళపట్టిక ప్రకారం నడిపే ప్రతిరూపం. దానిని పిల్లల ఆటబొమ్మగా చూడడం తప్పు. అది కొలతలతో రాసిన చరిత్ర.

ఈ ప్రయాణం మొదలయ్యే నంద్యాలకే అలాంటి చరిత్ర ఒకటి ఉండవలసింది. 1876-78 నాటి ధాత కరువులో ధాన్యం ఉన్న చోటి నుంచి లేని చోటికి చేర్చే దారి లేక రాయలసీమలో లెక్కకు మించి జనం చనిపోయాక, కరువు రక్షణ కోసమే కొన్ని రైలు మార్గాలు వేయాలని నిర్ణయమైంది. బళ్లారి - కృష్ణా స్టేట్ రైల్వే పేరుతో గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమల దాటి బెజవాడ వైపు సాగిన మీటర్‌గేజి మార్గం వాటిలో ఒకటి. దానిని సదరన్ మరాఠా రైల్వే నడిపింది. రెండు పట్టాల నడుమ వెడల్పును గేజి అంటారు. మీటర్‌గేజికి అది 1,000 మిల్లీమీటర్లు, నేటి బ్రాడ్‌గేజికి 1,676. నల్లమల లోయ మీద ఎత్తయిన స్తంభాలతో నిలిచిన దొరబావి వంతెన ఆ మార్గంలోదే. 1990 దశకంలో గేజి మార్పిడి జరిగినప్పుడు దారిని పక్కకు మళ్లించడంతో వంతెన అడవికి మిగిలిపోయింది. మార్పిడి అవసరమే; కానీ దానితోపాటు పాత స్టేషన్ల పొందిక, ఎదురుబండికి దారి ఇచ్చే లూపు లైన్ల అమరిక, సిగ్నళ్లనూ దారి మార్చే పాయింట్లనూ లాగించిన లీవర్ల వరసలు చాలాచోట్ల చిత్తుపటం కూడా మిగల్చకుండా పోయాయంటే, ఆ నష్టానికి అవసరం అనే మాట సమాధానం కాదు.

నంద్యాల దాటిన బండి నల్లరేగడిలో ప్రవేశిస్తుంది. వానకు ఉబ్బి, ఎండకు బారెడు లోతు నెర్రెలు విచ్చే ఈ నేల జొన్నకూ పత్తికీ తల్లి వంటిదే గాని రైలుకట్టకు మంచిది కాదు. అందుచేత ఇలాంటి చోట కంకర కింద వేరే మట్టిపొర పరిచి, నీరు నిలవకుండా కాలువలు తీసి, ఆ తరవాతే పట్టాలు వేయవలసి ఉంటుంది. కుందు నదికి తూర్పున నంద్యాల, పడమట బనగానపల్లె. ఈ లోయలోనే కర్నూలు - కడప కాలువ, అంటే జనం నోట కె.సి. కెనాల్, సుంకేసుల నుంచి బయలుదేరి సాగుతుంది. 1860 దశకంలో ఒక ఇంగ్లీషు కంపెనీ సాగునీటికే కాక పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించి తవ్వించిన ఆ కాలువను 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. కర్నూలును కడపతో కలపాలన్న ఆలోచన మొదట నీటి మీద సాగి, నూట యాభై ఏళ్ల తరవాత ఇనుము మీద నెరవేరిందని చెప్పుకోవచ్చు.

బనగానపల్లె 1948 దాకా ఒక చిన్న సంస్థానానికి రాజధాని. మామిడిపండు పేరుతో దేశమంతా ఎరిగిన ఊరు. ఇలాంటి స్టేషనులో బండి కాసేపు కదలకుండా ఉంటే ప్రయాణికులు ‘క్రాసింగ్ పడింది’ అంటారు. ఆ ఒక్క మాటలో సింగిల్ లైను నడిపే విద్య అంతా ఉంది. రెండు స్టేషన్ల నడుమ ఉన్న ఒకే దారిలో ఒక సమయంలో ఒకే బండి ఉండాలి. ఎదురుబండి వచ్చి పక్కనున్న లూపు లైనులోకి తప్పుకునే దాకా రెండోది కదలరాదు. ముందున్న స్టేషన్ మాస్టరు దారి ఖాళీగా ఉందని ఒప్పుకోవడమే ‘లైన్ క్లియర్’.

ఆ ఒప్పుకోలు నోటిమాటగా ఉంటే చాలదని ఇంగ్లండు రక్తంతో నేర్చుకుంది. 1874 సెప్టెంబరులో నార్విచ్ దగ్గర థోర్ప్ వద్ద తంతి సందేశంలో జరిగిన పొరపాటు వల్ల రెండు బండ్లు ఒకే దారిలో ఎదురెదురుగా ఢీకొన్నాయి. నాలుగేళ్లకు, 1878లో, ఎడ్వర్డ్ టయర్ కనిపెట్టిన యంత్రం ఆ లోపాన్ని సరిదిద్దింది: రెండు స్టేషన్లలోని యంత్రాలు విద్యుత్తుతో ముడిపడి ఉంటాయి, ఒక దాని నుంచి ఒక బిళ్ల బయటికి వచ్చిందంటే అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండో బిళ్ల రాదు, ఆ బిళ్ల చేతిలో లేని డ్రైవరు బండి కదపరాదు. యంత్రం ఎంత పకడ్బందీగా ఉన్నా చూసే కన్ను ఉండాలని 1921 జనవరి 26న వేల్స్‌లోని ఆబర్‌మ్యూల్ చెప్పింది. అప్పుడే వచ్చిన బండి తెచ్చిన బిళ్లనే సిబ్బంది తిరిగి అదే డ్రైవరుకు ఇచ్చారు, అతడు దాని మీది పేరు చదవకుండానే బయలుదేరాడు, పదిహేడు మంది చనిపోయారు.

మన దేశంలో బిళ్లకు బదులు లోహపు గుండు ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. నీల్స్ యంత్రం అనే ఆ పెట్టె నుంచి వచ్చిన గుండును తోలుసంచిలో పెట్టి, సంచిని పెద్ద వలయానికి కట్టి అందిస్తే, ఆగని బండి ఇంజనులోని వారు చేయి చాచి వలయాన్ని మోచేతికి తగిలించుకునేవారు. ఆ దృశ్యం నడివయసు దాటిన రాయలసీమ వాసులకు చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేటి కొత్త లైన్లలో గుండు అక్కరలేని బ్లాకు యంత్రాలు, రంగు దీపాల సిగ్నళ్లు ఆ పని చేస్తున్నాయి. సూత్రం మాత్రం థోర్ప్ నేర్పినదే.

బనగానపల్లె దాటాక వచ్చే కోవెలకుంట్లలో 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీశారు. కుంఫిణీ ప్రభుత్వాన్ని ఎదిరించిన ఆ పాళెగాడి ఊళ్లు, నొస్సం సహా, ఇప్పుడు ఈ మార్గంలో స్టేషన్లుగానో స్టేషన్లకు చేరువలోనో ఉన్నాయి. సంజామల, నొస్సం దాటుతుండగా నల్లరేగడి పలచబడి నాపరాయి పైకి తేలుతుంది. పలకలు పలకలుగా ఊడి వచ్చే ఈ రాయితోనే ఇక్కడి ఇళ్ల నేలలు, మిద్దెలు, పొలాల గట్లు. దానికి మూలమైన సున్నపురాయితోనే యర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలు. ఈ మార్గాన్ని బల్ల మీద కట్టదలచినవారు దూరదేశపు సామగ్రి కోసం వెతకనక్కరలేదు: జల్లించిన నాపరాతి పొడి పట్టాల కింద కంకరవుతుంది, ఎండబెట్టిన రేగడిమట్టి చేను అవుతుంది, రాగితీగెలు మెలిపెడితే సర్కారుతుమ్మ నిలబడుతుంది.

అసలు చిక్కు నిష్పత్తిలో ఉంది. ప్రపంచంలో ఎక్కువగా వాడే హెచ్‌ఓ కొలత ప్రకారం అసలు వస్తువును 87వ వంతుకు కుదిస్తారు. అలా చేస్తే 21.3 మీటర్ల పెట్టె సుమారు 24.5 సెంటీమీటర్లు అవుతుంది, 700 మీటర్ల లూపు లైను 8 మీటర్లు పడుతుంది, నంద్యాల నుంచి యర్రగుంట్ల దాకా మార్గమంతా కట్టాలంటే 1.4 కిలోమీటర్ల బల్ల కావాలి. కనుక మోడల్ నిర్మాత ఒకటి రెండు స్టేషన్లు ఎంచుకుని, లూపును కుదించి, మిగిలిన దారిని తెర వెనక దాస్తాడు. దుకాణాల్లో దొరికే హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అది యూరపు ప్రామాణిక గేజికి సరిపోతుంది గాని మన బ్రాడ్‌గేజికి 19.25 ఉండాలి. ఇంగ్లండు వారికి కూడా ఇలాంటి లోపం తప్పలేదు: వారు వాడే ఓఓ కొలతలో బండ్లు 76వ వంతు, పట్టాలు మాత్రం అదే 16.5. మన మీటర్‌గేజి లెక్క వేరు. 1,000 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 11.5 వస్తుంది, స్విట్జర్లండు కొండ రైళ్ల మోడళ్ల కోసం తయారయ్యే పట్టాల వెడల్పు 12. తేడా అర మిల్లీమీటరు. అంటే ఇప్పుడు నడుస్తున్న మార్గం కన్నా, ఎప్పుడో పెరికివేసిన గుంతకల్లు - నంద్యాల మీటర్‌గేజినే మరింత నిజంగా కట్టవచ్చు.

మళ్లీ అసలు దారికి వస్తే, జమ్మలమడుగుకు పడమటన పెన్న గండికోట కొండలను చీల్చుకుని వస్తుంది. బంగారానికీ నూలుబట్టలకూ పేరుపడ్డ ప్రొద్దుటూరు ఎంత పెద్ద వ్యాపారకేంద్రమైనా 2016 దాకా రైలు కోసం యర్రగుంట్లకో కడపకో పోవలసి వచ్చింది. ఇసుకే ఎక్కువ, నీరే తక్కువ అయిన పెన్నను దాటి బండి యర్రగుంట్లలో పాత మద్రాసు రైల్వే మార్గాన్ని కలుసుకుంటుంది. అది 1871లో రాయచూరు వద్ద బొంబాయి దారితో కలిసి, మద్రాసును బొంబాయికి ముడివేసిన మార్గం. సింగిల్ లైను ప్రయాణం ఇక్కడితో ముగుస్తుంది.

పూణేలో 1998లో తెరుచుకున్న జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఒక వ్యక్తి పట్టుదలతో ఏర్పడింది. రాయలసీమలో అలా మోడల్ కట్టే పని మొదలవాలంటే ముందు కావలసినవి పట్టాలు కావు, కొలతలు. నంద్యాల, డోన్, గిద్దలూరు, కంభం స్టేషన్ల ముందు దిగిన పెళ్లిళ్ల ఫోటోలు, రైల్వే ఉద్యోగుల ఇళ్లలోని పాత వేళపట్టికలు, లీవరు మీద చేయి వేసి నిలుచున్న తాతల చిత్రాలు ఉన్నవారు వాటిని పారవేయవద్దు. వెనకవైపు ఊరి పేరు, సంవత్సరం, ఫోటోలో ఉన్నవారి పని రాసి, దగ్గరలోని గ్రంథాలయానికో కళాశాలకో ఒక నకలు ఇవ్వండి.